చెవితో నేర్చినవాడికి రాత పరీక్ష ఒక్కటేనా?

"ఒక్కొక్కరు ఒక్కో తీరులో నేర్చుకుంటారు కదా, ఇంగ్లీషులో అందరికీ ఒకే పరీక్ష పెట్టడం న్యాయమేనా?" అని అడిగారు. కాదండీ. మా ఇంట్లోనే చూశాను కాబట్టి గట్టిగా చెబుతున్నా.

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర మా బావకు అంగడి ఉంది. మా అక్క కొడుకు పదో తరగతి, బడి వదిలితే అక్కడే ఉంటాడు. అరవం, కన్నడం, హిందీ, ఇంగ్లీషు అన్నీ వచ్చిపోయేవాళ్ల నోట విని పట్టుకున్నవే. మొన్న వేసవిలో విదేశాల నుంచి ఒక కుటుంబం వచ్చింది. తెలుగు ముక్క రాదు. కొండకు నడిచిపోవడానికి ఏ దారి మేలని అడిగారు. అలిపిరి నుంచి 3,550 మెట్లు, దూరమెక్కువ. శ్రీవారి మెట్టు నుంచి 2,388 మెట్లే కానీ నిటారుగా ఉంటుందని చెప్పి, వాళ్లలో పెద్దావిడ మోకాళ్లు పట్టుకుని నిలబడటం చూసి "మీరు బస్సులో వెళ్లండమ్మా" అన్నాడు, అంతా ఇంగ్లీషులోనే. లగేజీ సంగతి అడిగితే అలిపిరిలో ఇస్తే పైకి చేరుస్తారని కూడా చెప్పాడు. ఎక్కడా తడుముకోలేదు.

అదే పిల్లాడికి బడిలో ఇంగ్లీషులో అత్తెసరు మార్కులు. వాక్యాన్ని పాసివ్ వాయిస్‌లోకి మార్చమంటే కలం కదలదు. మన పదో తరగతి పబ్లిక్ పరీక్షలో ఇంగ్లీషు పేపరంతా రాతే. వాడికి వచ్చింది అడిగే ప్రశ్న అందులో ఒక్కటీ లేదు.

మా చెల్లెలిది దీనికి పూర్తిగా ఎదురు. పుస్తకం చదివి నేర్చుకుంది, రాస్తే తప్పు దొరకదు. విదేశాలకు చదువుకో ఉద్యోగానికో వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ రాసింది. అందులో వినే భాగం ఆడియో ఒక్కసారే వేస్తారు. మాట్లాడే భాగంలో కార్డు ఇచ్చి, ఒక్క నిమిషం ఆలోచించుకుని రెండు నిమిషాల దాకా మాట్లాడమంటారు. కొత్త మనిషి ముందు దానికి నోరు పెగల్లేదు. అక్కడ కనీసం నాలుగు భాగాలున్నాయి, రాతలో, చదవడంలో లాక్కొచ్చింది. మా వాడికి ఆ దారీ లేదు.

ఇంకో మాట. కొన్ని కోచింగ్ సెంటర్లలో నాలుగు ప్రశ్నలు అడిగి "మీ పాప విజువల్ లెర్నర్", అంటే కళ్లతో చూసి నేర్చుకునే రకం, అని ముద్ర వేసి, దానికో ప్రత్యేక బ్యాచ్ అని ఫీజు గుంజుతున్నారు. ఇది నాకు ఒళ్లు మండే విషయం. ఆ ముద్రను బట్టి పాఠం చెబితే బాగా వస్తుందనడానికి తగిన ఆధారం లేదని 2008లోనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు పరిశోధనలన్నీ తిరగేసి తేల్చారు. తల్లిదండ్రులు ఆ డబ్బు దాచుకోండి. నేను అనేది ముద్రల గురించి కాదు, భాష చెవిన పడి వచ్చిందా, కాగితం మీంచి వచ్చిందా అన్నదాని గురించి. పరీక్ష ఈ రెండిట్లో ఒక్కదాన్నే అడిగితే రెండోవైపు పిలకాయలకు అన్యాయమే.

పదో తరగతిలో మాట్లాడటానికి కనీసం 20 మార్కులు పెట్టాలి. హైస్కూళ్లలో ఇంగ్లీషు టీచర్లు ఉన్నారు, ఒక్కో పిల్లాడికి ఐదు నిమిషాలు చాలు.