కెమెరా పరీక్ష తేదీ దగ్గర పడితే నిద్ర పట్టడం లేదు

(క్యాన్సర్ రోగులు, వారి కుటుంబ సభ్యులు పంపిన ప్రశ్నలకు మా కౌన్సెలర్ సమాధానాలు)

ప్రశ్న: నా వయసు 59. కూకట్‌పల్లిలో మా అబ్బాయి కుటుంబంతో కలిసి ఉంటాం. గత ఏడాది నొప్పి ఏమీ లేకుండానే మూత్రంలో రక్తం పడింది. పరీక్షలు చేసి మూత్రాశయంలో క్యాన్సర్ గడ్డ ఉందని, అది కండరంలోకి పాకలేదని చెప్పి, మూత్రమార్గం గుండానే తీసేశారు. ఆ తర్వాత వారానికొకటి చొప్పున ఆరు వారాలు మూత్రాశయంలోకి బీసీజీ మందు ఎక్కించారు. ఇప్పుడు మూడు నెలలకొకసారి కెమెరా పరీక్ష. ఆ తేదీకి పది రోజుల ముందు నుంచే నిద్ర ఉండదు, అన్నం సహించదు. మందు ఎక్కించిన రోజు మరుగుదొడ్డిలో బ్లీచింగ్ పోయమన్నారు. అప్పటి నుంచి మనవడిని ఒళ్లో కూర్చోబెట్టుకోవడానికే భయంగా ఉంది. కుర్రతనం నుంచీ సిగరెట్లు కాల్చాను. ‘చెబితే విన్నారా’ అని నా భార్య ఒకసారి అంది. ‘దాని గురించి ఆలోచించకు నాన్నా’ అంటాడు అబ్బాయి. అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం కాబట్టి ఆమెకూ బంధువులకూ కిడ్నీలో రాళ్లని చెప్పాం. నా భయం ఎవరితో చెప్పుకోవాలి?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ముందుగా మీ మనవడి సంగతి. ఈ సాయంత్రమే వాడిని ఒళ్లోకి తీసుకోండి. క్యాన్సర్ ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బు కాదు. బ్లీచింగ్ జాగ్రత్త మీ జబ్బు గురించి చెప్పింది కాదు, మందు గురించి చెప్పింది. క్షయ రాకుండా పసిపిల్లలకు భుజం మీద వేసే బీసీజీ టీకాలో ఉండే బ్యాక్టీరియానే ఆ మందులోనూ బతికి ఉంటుంది. కెనడాలో అల్వారో మొరాలెస్ బృందం 1976లో ఈ చికిత్స ఫలితాలను ప్రచురించిన నాటి నుంచి నేటి వరకూ మీలాంటి వారికి ఇది ముఖ్యమైన మందుగానే నిలిచింది. మందు మూత్రంతో బయటికి వచ్చేస్తుంది కాబట్టి, ఎక్కించాక సుమారు ఆరు గంటల పాటు మూత్రానికి వెళ్లినప్పుడల్లా బ్లీచింగ్ వేసి, పావుగంట ఆగి నీళ్లు వదలమంటారు. ఆ గడువు దాటాక మీరు అందరిలాంటి మనిషే. ఈ మాట ఎవరూ విడమరచి చెప్పకపోవడం వల్ల తమ గ్లాసు, తమ తువ్వాలు వేరు చేసుకుని ఇంట్లోనే దూరంగా బతుకుతున్న పెద్దవాళ్లు ఉన్నారు. తమకు తాము వేసుకున్న ఆ వెలి నాకు జబ్బు కంటే ఎక్కువ బాధ కలిగిస్తుంది.

ఇక నిద్ర పట్టని రాత్రుల విషయం. మీరు పిరికివారు కారు. గడ్డ తీసేసినా లోపలి పొరలో మళ్లీ మొలిచే స్వభావం ఈ క్యాన్సర్‌కు ఎక్కువ కాబట్టి, మీలాంటి వారికి సాధారణంగా మొదటి రెండేళ్లు మూడు నెలలకొకసారి, ఆ తర్వాత వ్యవధి పెంచుకుంటూ ఏళ్ల తరబడి ఈ కెమెరా పరీక్ష (సిస్టోస్కోపీ) చేస్తారు. అంటే ఆపరేషన్ అయిపోయింది, ఇక మరచిపోదాం అనుకునే వీలు మీకు లేదు. అలాంటప్పుడు ‘ఆలోచించకు’ అన్న సలహా పాటించడం ఎవరికీ సాధ్యం కాదు. మీ అబ్బాయి ఆ మాట నిర్లక్ష్యంతో అనలేదు, తన భయాన్ని దాచుకోవడానికి అన్నాడని నా నమ్మకం. కాబట్టి అతనికి ఒక పని అప్పగించండి. రిపోర్టుల ఫైలు అతని దగ్గర ఉంచండి, పరీక్ష రోజున వెంట రమ్మనండి, డాక్టరుగారిని అడగాల్సినవి ముందు రోజు రాత్రి ఇద్దరూ కూర్చుని కాగితం మీద రాయండి. అందులో మొదటి ప్రశ్న ఇది కావాలి: ‘ఒకవేళ మళ్లీ కనిపిస్తే మీరేం చేస్తారు?’ పొరలోనే ఉండగా చిన్నదిగా దొరికితే మళ్లీ తీయడానికీ, మందు కొనసాగించడానికీ, మార్చడానికీ సాధారణంగా దారులుంటాయి. అంత దగ్గర దగ్గరగా పరీక్షలు పెట్టేది అందుకే. మీ విషయంలో ఆ దారి ఏమిటో ఆయన నోటితో వింటే, అర్ధరాత్రి మీ బుర్రలో తిరిగే ప్రశ్నకు ఒక జవాబంటూ ఉంటుంది.

కిడ్నీలో రాళ్లన్న మాట బంధువుల దగ్గర మీ ఇష్టం. ప్రతి ఒక్కరికీ ఫైలు విప్పి చూపించాల్సిన బాధ్యత మీకు లేదు. కానీ అమ్మాయికి మాత్రం ఈ వారమే చెప్పండి. మీ ముఖం చూసి ఆమె ఇప్పటికే ఏదో ఊహించే ఉంటుంది, ఆ ఊహను ఒంటరిగా మోస్తూ ఉంటుంది. ఈ క్యాన్సర్ ఎక్కువ మందిలో వంశపారంపర్యంగా వచ్చేది కాదని కూడా ఆమెకు తెలియాలి. పెళ్లివారికి ఎప్పుడు, ఎంత చెప్పాలన్నది ఆమెతో కలిసి నిర్ణయించుకోండి. చెప్పి ఖాయం చేసుకున్న సంబంధమైతే తర్వాత మీరెవరూ బిక్కుబిక్కుమంటూ ఉండక్కర్లేదని నా అభిప్రాయం.

మీ భార్య అన్న మాట మిమ్మల్ని గుచ్చుతోందని ఆమెకు చెప్పారా? ఈ జబ్బుకు అన్నిటికంటే పెద్ద కారణం పొగాకే, అది నిజం. అయినా దశాబ్దాల అలవాటుకు ఇప్పుడు శిక్ష వేసుకుంటూ కూర్చోవడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఇంకా కాలుస్తూ ఉంటే మాత్రం మానేయండి, ఈ దశలో మానినా మేలే. 1800 11 2356 అన్నది పొగాకు మాన్పించడానికి కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత నంబరు.

ఇంట్లో వాళ్లతో చెప్పుకోలేనివీ కొన్ని ఉంటాయి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. రెండు వారాలకు పైగా నిద్రా ఆకలీ లేకపోయినా, దేని మీదా ఆసక్తి లేకపోయినా, బతికి ఏం లాభం అనిపించినా ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుడిని కలవండి. మన హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరును ఎగతాళికి వాడే పాడు అలవాటు వల్ల చాలామంది ఆ గడప తొక్కరు. గాంధీ, ఉస్మానియా వంటి పెద్దాసుపత్రుల్లోనూ మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. పరీక్షల ముందు వచ్చే ఆందోళన మాటలతోనో, కొద్దికాలం మందులతోనో చాలావరకు అదుపులోకి వస్తుంది.

ప్రశ్న: మా వారికి మూత్రాశయం మొత్తం తీసేసి, పొట్ట మీద రంధ్రం చేసి సంచి పెట్టారు. ఆరు నెలలైంది. రాత్రి రెండుసార్లు సంచి ఊడి పక్క తడిసిన దగ్గర నుంచి హాల్లో చాప మీద పడుకుంటున్నారు. రోజూ సంధ్యావందనం చేసే మనిషి ఇప్పుడు దేవుడి గది గుమ్మం తొక్కరు, పేరంటాలకూ పెళ్లిళ్లకూ నన్నొక్కదాన్నే పంపుతారు. నేను ఎవరితో మాట్లాడాలి?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: అమ్మా, సగం దుఃఖం ఆ తడిసిన పక్కలోనే ఉంది, కాబట్టి ముందు దాన్ని సరిచేద్దాం. ఆపరేషన్ తర్వాత మొదటి కొన్ని వారాల్లో ఆ రంధ్రం, అంటే స్టోమా, వాపు తగ్గి చిన్నదవుతుంది. మొదట్లో కత్తిరించిన కొలతతోనే ఇప్పటికీ అంటిస్తుంటే అంచుల నుంచి కారుతుంది. స్టోమా నర్సు దగ్గర మళ్లీ కొలత తీయించండి. పొద్దున్నే కాఫీ, నీళ్లు తాగకముందు మూత్రం తక్కువగా వస్తుంది, సంచి మార్చడానికి అదే అనువైన వేళ. చర్మం పూర్తిగా ఆరాకే అంటించాలి. మన ఎండల్లో చెమటకు జిగురు త్వరగా వదులుతుంది కాబట్టి వేసవిలో ఇంకాస్త తొందరగా మార్చుకోవాల్సి రావచ్చు. పగలు మూడో వంతు నుంచి సగం నిండేలోపే ఖాళీ చేయాలి, రాత్రికి గొట్టంతో పెద్ద సంచి తగిలించుకోవాలి. మూత్రంలో తెల్లటి జిగురు కనిపిస్తే కంగారు పడకండి. పేగు ముక్కతో దారి చేశారు కనుక అది సహజం. జ్వరం, నడుము పక్కన నొప్పి వస్తే మాత్రం ఆసుపత్రికి వెళ్లాలి.

దేవుడి గది విషయం మీరో నేనో చెబితే ఆయన వినరు. ఆయన గౌరవించే పురోహితుడో గురువో ఉంటే, ముందు మీరు వెళ్లి ఉన్న సంగతి చెప్పి, ఆ పెద్దమనిషి చేతే మీ వారిని పిలిపించండి. సరిగ్గా అంటించిన సంచి నుంచి చుక్క బయటికి రాదు, వాసన రాదు, చొక్కా కింద కనిపించదు. అలాగే ఇలాంటి సంచితోనే ఉద్యోగాలకు వెళ్లి వస్తున్న మరొక రోగిని, ఆయన అంగీకారంతో, పరిచయం చేయమని మీ సర్జన్‌ను అడగండి. నేను గంటసేపు చెప్పేదాని కంటే అలాంటి మనిషి పది నిమిషాలు ఎదురుగా కూర్చోవడం ఎక్కువ పని చేస్తుంది.

ఆయన హాల్లో పడుకోవడానికి మరో కారణం కూడా ఉండవచ్చు. ఈ ఆపరేషన్‌లో నరాలు దెబ్బతిని మగవారికి దాంపత్య విషయంలో ఇబ్బంది రావడం మామూలే, వారు నోరు విప్పి చెప్పరు. దానికీ చికిత్సలున్నాయి, యూరాలజిస్టును అడగండి. అంతవరకూ, ‘మీరు పక్కన ఉంటే చాలు’ అన్న మాట ఆయన ఊహించుకోవాలని వదిలేయకుండా మీరే పైకి అనండి.

మీ సంగతి ఎవరూ అడగడం లేదని మీ ఉత్తరం చూస్తే తెలుస్తోంది. రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ విభాగం ఉంది. అది చివరి రోజుల వారికే అనుకోవడం పొరపాటు. నొప్పి, నిద్రలేమి, ఇంటివారి మనోవేదన, ఇవన్నీ వారు ఏ దశలోనైనా పట్టించుకుంటారు. వారానికొక పూట ఆయనను కొడుకుకో తోబుట్టువుకో అప్పగించి మీరు మీ అక్కచెల్లెళ్ల ఇంటికి వెళ్లి రండి. ఆ మాత్రానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ప్రశ్న: మా ఆఫీసులో ఒక పెద్దాయనకు ఈ జబ్బు వచ్చింది. ఏం మాట్లాడాలో తెలియక తప్పించుకుని తిరుగుతున్నాను.
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: ‘ఏదైనా కావాలంటే చెప్పండి సార్’ అంటే ఆయన ఎప్పటికీ చెప్పరు. పరీక్ష ఏ రోజో కనుక్కుని, ‘ఆ రోజు ఓపీకి నేను బండి తెస్తాను, మీ పని నేను చూసుకుంటాను’ అనండి. మీకు తెలిసిన ఫలానావారు ఇదే జబ్బుతో పోయారన్న కబురు మాత్రం ఆయన చెవిన వేయకండి. మీటింగుల్లో తలుపు పక్క కుర్చీ ఆయనకు వదలండి, మధ్యలో రెండుసార్లు లేచి వెళ్లినా ఎవరూ తల తిప్పి చూడకుండా మీరు మాట కొనసాగించండి.