పైలట్ సీటు నుంచి ఈఎంటీ సీటుకు

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను 108 అంబులెన్స్‌లో పైలట్‌ని, అంటే డ్రైవర్‌ని. వయసు 29, చదివింది ఇంటర్ బైపీసీ. మా ఈఎంటీ (బండిలో పేషెంట్‌కి అత్యవసర చికిత్స చేసే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్) చేసే పని రోజూ చూస్తూ నేనూ ఈఎంటీ కావాలని గట్టిగా అనుకుంటున్నాను. మా టౌన్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ‘ఉద్యోగం మానక్కర్లేదు, కాలేజీకి రానక్కర్లేదు, 40 వేలు కడితే ఏడాదిలో పారామెడిక్ డిప్లొమా ఇంటికే పంపిస్తాం’ అంటున్నారు. చేరమంటారా? ఇంట్లో చిన్న పాప ఉంది, జీతం ఆగితే గడవదు.
– ఒక పాఠకుడు, మహబూబాబాద్ జిల్లా

జవాబు: తమ్ముడూ, ఆ 40 వేలు కట్టకు. పారామెడికల్ కోర్సులు దూరవిద్యలో నడపకూడదని యూజీసీ నిబంధనల్లోనే ఉంది. పైగా 2021లో వచ్చిన అలైడ్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం ఈ రంగంలో డిప్లొమా అయినా, డిగ్రీ అయినా కనీసం 2,000 గంటలు, రెండేళ్లకు తగ్గకుండా చదవాలి. పోస్టులో వచ్చే కాగితానికి ఆ గంటలు ఎక్కణ్నుంచి వస్తాయి? ఎమర్జెన్సీ వార్డులో నర్సుగా చేసి, తర్వాత ఈఎంటీలకు పాఠాలు చెప్పినదాన్ని. ఇలాంటి సర్టిఫికెట్లు పట్టుకొచ్చి ఇంటర్వ్యూ గది ముందు ఏడ్చిన పిల్లల్ని చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

108 ఈఎంటీ పోస్టులకు మామూలుగా అడిగేవి నర్సింగ్, ఫార్మసీ, డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా), లేదా బీజడ్‌సీతో (బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) బీఎస్సీ. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) మంచి చదువే కానీ మూడేళ్లు పగలంతా కాలేజీ, వార్డు. నీకు కుదరదు. నీకు అందేది బీజడ్‌సీ. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో ఉద్యోగం చేస్తూనే చదవొచ్చు. అదీ దూరవిద్యే కదా అంటావేమో. నిషేధం పారామెడికల్ కోర్సులకే గాని, బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీలకు కాదు. అయితే ల్యాబ్ ప్రాక్టికల్స్‌కి స్టడీ సెంటర్‌కి వెళ్లి తీరాలి. ఫీజు కట్టేముందు, సార్వత్రిక డిగ్రీని ఈఎంటీ పోస్టుకి ఒప్పుకుంటారా అని మీ జిల్లా మేనేజర్‌ని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకో. సెలెక్టయ్యాక ఈఎంటీ శిక్షణ వేరే ఉంటుంది. ఆ రోజులకి ఇంటి ఖర్చులు ఇప్పట్నుంచే కొంత కొంత దాచుకో.

ఒక్క విషయంలో నా మాట కాదనకు. 12 గంటల నైట్ డ్యూటీ దిగి, పగలు ల్యాబ్‌లో నిలబడి, రాత్రికి మళ్లీ స్టీరింగ్ పట్టుకోవద్దు. ప్రాక్టికల్స్ తేదీలు తెలియగానే రిలీవర్‌తో మాట్లాడి డ్యూటీ మార్చుకో, లేదా సెలవు పెట్టు. బండిలో పేషెంట్ ఉంటారు, ఈఎంటీ ఉంటారు, పక్కన ఏడుస్తూ వచ్చే ఇంటివాళ్లుంటారు.

ఈలోగా నీ సీటులో ఉండే చాలా నేర్చుకోవచ్చు. గుండె ఆగిన మనిషికి ఛాతీ మీద నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్లకైతే 5–6 సెంటీమీటర్ల లోతు దిగేలా నొక్కాలి. 30 నొక్కులకు 2 శ్వాసలు. అంత బలంగా ఒక్క మనిషే నొక్కుతూ పోతే పట్టు సడలిపోతుంది, అందుకే రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి. బండి కదలకముందు ఆ రెండో మనిషివి నువ్వే. ఇదంతా నేర్పే బీఎల్ఎస్ (బేసిక్ లైఫ్ సపోర్ట్) కోర్సు చెయ్యి. ఒక్క రోజులో అయిపోతుంది, అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కార్డు రెండేళ్లు చెల్లుతుంది. అక్కడి శిక్షణ బొమ్మ మీద చొక్కా తడిసేదాకా నొక్కు.

మీ వైపు పత్తి చేలు ఎక్కువ, పురుగుమందు కేసులు నీకు కొత్త కాదు. కంటిపాపలు సూదిమొనంత అయ్యాయా, నోట్లో నురగ వస్తోందా, మీ ఈఎంటీ సక్షన్ (నోట్లోది లాగేసే గొట్టం) ఎప్పుడు పెట్టారు, ఈఆర్‌సీపీ (108 కాల్ సెంటర్‌లో ఉండే) డాక్టరు ఫోన్‌లో విరుగుడు మందు అట్రోపిన్ ఎంత ఇమ్మన్నారు, ఎందుకిమ్మన్నారు... పేషెంట్‌ని ఆస్పత్రిలో అప్పగించాక ఇవన్నీ అడిగి నోటుబుక్కులో రాసుకో. పేర్లు మాత్రం రాయొద్దు. గ్లవ్స్ లేకుండా వాళ్ల బట్టలు ముట్టుకోకు, ఆ పురుగుమందు చర్మంలోంచీ ఒంట్లోకి ఎక్కుతుంది. ఇంజెక్షన్ మాత్రం, ఎవరు బతిమాలినా సరే, శిక్షణ అయ్యేదాకా నీ చేత్తో ఇవ్వకు.

29 ఏళ్లకి ఆలస్యమేమీ కాలేదు. కానీ ఉద్యోగ నోటిఫికేషన్లలో వయోపరిమితి ఉంటుంది, డిగ్రీకి మూడేళ్లు పడుతుంది. వచ్చే ఏడాదికి వాయిదా వెయ్యకుండా, ఈసారి అడ్మిషన్లు పిలవగానే చేరిపో.