లటోనా ఎటు చూస్తోంది?

చి. తమ్ముడికి, ఆశీస్సులు.

ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ వేయించిన వెర్సాయ్ కోట తోటల అచ్చుబొమ్మల మీద నీ వ్యాసం చదివాను. మొదటి పేరాలోనే ‘అధికారం’ నాలుగుసార్లు వచ్చింది. నాలుగూ కొట్టేసి, ఒక్క బొమ్మ ముందేసుకుని పూటంతా కూర్చో.

ముందు స్కేలు పెట్టి నేలా ఆకాశం కలిసే గీత ఎంత ఎత్తులో ఉందో కొలువు. ఈ తోటల్ని చెక్కిన పెరెల్ కుటుంబం వాళ్ళ బొమ్మల్లో చాలాచోట్ల అది బాగా పైకి ఉంటుంది. అలా కనిపించాలంటే చూసేవాడు గాల్లో నిలబడాలి. తర్వాత మనుషుల్ని కొలువు. ముందున్న దొరలు వేలిగోరంత, లోపలివాళ్ళు వరిగింజంత. మనిషి తగ్గినకొద్దీ దారి సాగుతుంది. తోటలోని పెద్ద కాలువ నిజంగానే 1,670 మీటర్లు, బొమ్మలో అది ఇంకా పొడుగు.

అన్నిటికంటే ఎక్కువసేపు చూడాల్సింది నీళ్ళని. కాగితం మీద ఫౌంటెన్లన్నీ ఒకేసారి ఎగజిమ్ముతుంటాయి. నిజానికి అన్నిటికీ సరిపడా నీళ్ళు లేవు. 1684లో సెన్ నది మీద నీళ్ళు తోడే 14 చక్రాల మార్లీ యంత్రం పెట్టినా కరువు తీరలేదు. కోట ఎదుట ఉన్న కొన్నిటిని వదిలేస్తే, రాజుగారు వస్తున్నారని పనివాళ్ళు ఈల వేసి చెప్పుకుని, ఆయన దగ్గరికి రాగానే నీళ్ళు వదిలి, దాటిపోగానే కట్టేసేవారు. కాగితం మీద అన్నీ ఒకేసారి ఎగజిమ్మే ఆ దృశ్యం మామూలు రోజున పద్నాలుగో లూయీకే దక్కలేదు. ఆయన ఖర్చుతో సిల్వెస్త్ర్ లాంటివాళ్ళు చెక్కిన బొమ్మల సంపుటాలు పరాయి రాజ్యాలకు కానుకగా వెళ్ళేవి. అక్కడివాళ్ళకి ఈ నీటి కరువు ఎలా తెలుస్తుంది? నీ వ్యాసానికి ప్రాణం ఇక్కడుంది.

ఇక జాగ్రత్తలు. రాగిరేకు మీద గీసింది అచ్చులో ఎడమ కుడి మారిపోతుంది. కింది అక్షరాలు సరిగ్గా ఉన్నాయి కదా అని బొమ్మనీ నమ్మకు, వాటిని తిరగేసి చెక్కుతారు. తోట రెండు పక్కలా ఒకేలా ఉంటుంది కనక తప్పు పట్టడం కష్టం, ప్లాను పక్కన పెట్టుకో. ‘రాజు ఇచ్చిన హక్కుతో’ అన్న మాట చూసి రాజే చేయించాడని రాశావు. అది ఇతరులు నకలు వేయకుండా ప్రచురణకర్త తెచ్చుకున్న రక్షణ, అంతే.

బొమ్మలోని తోట ఏ కాలానిదో లటోనా చెబుతుంది, అదే ఫౌంటెన్ నడుమ ఉన్న దేవత విగ్రహం. 1670లో ఆ విగ్రహం కోట వైపు చూసేది. 1687-89లో పాలరాతి అంతస్తుల మీదికి ఎక్కించి కాలువ వైపు తిప్పారు. నీ దగ్గరున్న బొమ్మలో ఆవిడ ఎటు చూస్తోందో మొదటి వాక్యంలోనే రాసి, తిరిగి పంపు.