శిక్ష అనగానే ముందు జుట్టు మీదికే పోతారు

పరాయి మగవాడితో సంబంధం పెట్టుకున్న ఆడదాన్ని ఏయే సమాజాలు ఎలా శిక్షించాయని అడిగారు. రాళ్ళతో కొట్టడం, నీళ్ళలో తోసేయడం ఎవరైనా చెప్తారు. తిరుపతివాణ్ణి కాబట్టి నేను జుట్టు సంగతి చెప్తా.

జర్మన్ తెగల్లో మొగుడే పెళ్ళాం జుట్టు కత్తిరించి, బట్టలూడదీసి, బంధువుల ముందే ఊరంతా కొడుతూ తరిమేవాడని క్రీ.శ. 98లో రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. మన నారద స్మృతి కూడా తక్కువేం తినలేదు. తప్పు చేసిన భార్యకు గుండు కొట్టించి, నాసిరకం తిండీ బట్టా ఇచ్చి, చెత్త ఊడ్పించమంది. 1944లో ఫ్రాన్స్‌లో జర్మన్ సైనికులతో తిరిగారని వేలమంది ఆడవాళ్ళకు నడివీధిలో గుండు గీశారు. మగవాడి గుండును ఎవరూ పట్టించుకోరు. ఆడదాని గుండు మాత్రం జుట్టు పెరిగేదాకా ఊరందరికీ చాటుతూనే ఉంటుంది. అసలు కిటుకు అదే.

నేను హైస్కూల్లో ఉన్నప్పుడు మా అమ్మ తరపు చుట్టం ఒకామె తెల్లవారకముందే మా ఇంటికొచ్చింది. ఆడవాళ్ళను చెరిచిన పాలెగాడి తల నరికిందని మేం పండగ చేసుకునే గంగమ్మ జాతర వారం అది. అంత ఉక్కలోనూ ఆమె తలమీద కొంగు తీయలేదు. కాఫీ తాగుతుంటే అదే జారింది. ఒక చెవి మీద వంకరటింకరగా తెగిన కుచ్చు మిగిలింది, రెండో పక్క కత్తెర చర్మానికి తగిలి చెక్కు కట్టింది. ఎవడితోనో మాట్లాడుతోందని అత్తగారింటివాళ్ళు చేసిన ఘనకార్యం. వాడికి మాత్రం పెద్దమనుషులు తప్పు కట్టించి వదిలేశారట.

నిజమా అబద్ధమా అని మా అమ్మ అడగలేదు. "పా మే, కొండకు పోయి స్వామికి ఇచ్చేసొస్తాం. మొక్కు అని చెప్పు, ఎవురూ అడగరు" అనింది. కల్యాణకట్టలో టోకెనూ అరబ్లేడూ ఇచ్చారు. గంధం పూసుకుని కిందికి దిగితే బస్టాండు నిండా గుండ్లే. ఒక్కరూ తిరిగి చూడలేదు.

ఆమె ఇక అత్తగారింటికి పోలేదు, ఇక్కడే లాడ్జీలో పనికి కుదిరింది. అద్దె ఇల్లు దొరకడానికే తలప్రాణం తోకకొచ్చింది. మీ ఆయనేం చేస్తాడని అడగని ఓనరును ఈ ఊళ్ళో నేనింతవరకు చూడలేదు. అడ్వాన్స్ మాత్రం ఆడా మగా తేడా లేకుండా గుంజుతారు.

ఇంతా చెప్తే, మన చట్టం ఆడవాళ్ళ పక్షమే కదా అంటారు కొందరు. 1860 నాటి శిక్షాస్మృతిలో 497వ సెక్షన్ కింద పరాయివాడి పెళ్ళాంతో సంబంధం పెట్టుకున్న మగవాడికి ఐదేళ్ళ వరకు జైలుండేది, ఆ భార్యకు ఏమీ లేదు, నిజమే. కానీ మొగుడు ఒప్పుకుంటే అసలు నేరమే కాదన్న ముక్క వాళ్ళు చదవరు. పొలంలో పశువు పడితే ఆసామిదే ఫిర్యాదు అన్నట్టుంది ఆ లెక్క. 2018 సెప్టెంబర్ 27న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. సంసారాలు కూలిపోతాయని ఆ రోజు టీ కొట్ల దగ్గర గుండెలు బాదుకున్న వాళ్ళలో, ఆడదాని జుట్టు కత్తిరించినోడి మీద కేసు పెట్టాలని అన్నవాడు నాకొక్కడూ తగల్లేదు.