ఎందుకని అడిగితే ధిక్కారమా?

ప్రశ్న: మేం బెంగళూరులో ఉంటున్నాం. మొన్న ఫ్రీడం పార్క్ మీదుగా వస్తుంటే ధర్నాలో 'సర్కారక్కె ధిక్కార' అని అరుస్తున్నారు. మన పేపర్లలోనేమో 'కోర్టు ధిక్కారం' అని చూస్తుంటాం. ఇంట్లో మా అత్తగారు, ఏదన్నా చెప్తే ఎందుకని అడుగుతాడని మా పదో తరగతి అబ్బాయిని పెద్దల మాట ధిక్కరిస్తున్నాడంటారు. ఈ మూడూ ఒకటేనా?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: మాట ఒకటేనండీ, వాడుకే వేరు. సంస్కృతంలో 'ధిక్' అంటే ఛీ అనడం. కన్నడంలో ఆ ఛీత్కారం ఇంకా వినిపిస్తుంది, మనం 'డౌన్ డౌన్' అనో 'నశించాలి' అనో అరిచేచోట వాళ్లు 'ధిక్కార' అంటారు. తెలుగులో ఛీకొట్టడం వెనక్కిపోయి, పైవాళ్ల ఆజ్ఞను కాదనడం ముందుకొచ్చింది. అందుకే కన్నడ పేపర్లు 'న్యాయాంగ నిందనె' అనేదాన్ని మనం కోర్టు ధిక్కారం అంటాం. 1971 నాటి చట్టంలో రెండూ ఉన్నాయి: కోర్టు ఉత్తర్వును కావాలని పాటించకపోవడం, కోర్టు పరువు తీసేలా మాట్లాడటం. మన మాట మొదటిదానికి బాగా సరిపోతుంది, వాళ్లది రెండోదానికి.

ఆ 'కావాలని' అన్నదే ఇక్కడ కీలకం. సిల్క్ బోర్డ్ దగ్గర రెడ్ సిగ్నల్ పడినా బండి పోనిచ్చేస్తే అది ఉల్లంఘన. నోటీసొచ్చినా పక్కన పడేసి తన పని తను చూసుకుంటే బేఖాతరు చేసినట్టు. ధిక్కారం అనాలంటే ఆజ్ఞ ఉందని తెలిసుండాలి, పాటించనని ఇచ్చినవాళ్ల ముందే తేల్చేయాలి. మీకు దగ్గర్లోనే, గౌరీబిదనూరు పక్కన విదురాశ్వత్థంలో 1938 ఏప్రిల్ 25న జనం నిషేధాజ్ఞలున్నాయని తెలిసే జెండా ఎగరేయడానికి చేరారు, పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. ధిక్కారమంటే అది. ఇవాళ్టికీ సభలో పార్టీ విప్‌ను ధిక్కరించి ఓటేస్తే సభ్యత్వమే పోవచ్చు.

అంత బరువైన మాటను పదో తరగతి పిల్లాడి మీద వేయడం నాకు నచ్చలేదు. ఎందుకని అడిగేవాడు ఇంకా జవాబు వినడానికి సిద్ధంగానే ఉన్నాడు కదా, చెయ్యనని ఎక్కడన్నాడు? పెద్దావిడకు కోపమొస్తే 'ఎదురు మాట్లాడుతున్నాడు' అనమనండి, చాలు.

రాసేటప్పుడు 'ఆదేశాన్ని ధిక్కరించారు' అనే రాయండి, కన్నడ నినాదంలోని 'సర్కారక్కె' చూసి 'ఆదేశానికి' అనకండి. మొదటి అక్షరం ఒత్తు ధ, 'దిక్కారం' తప్పు.