బ్రెజిల్ నట్ చెట్టు మీద కథ రాస్తున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. అమెజాన్ అడవిలోని బ్రెజిల్ నట్ చెట్టును కథకు నడుమ నిలపాలన్న నీ ఆలోచన నాకెంతో నచ్చింది. అయితే మొదటి రెండు పేజీల్లోనే ‘ఆకాశాన్నంటే’ అన్న మాట నాలుగుసార్లు వచ్చింది. ఆ చెట్టు 50 మీటర్ల దాకా పెరుగుతుందని, అంటే రెండు పొడవాటి తాటిచెట్లను ఒకదానిమీద ఒకటి నిలిపినంత అని ఒక్కసారి చెబితే మన పాఠకుడికి చాలు. ఆ తర్వాత అతని చూపును నేలకు దించు. నువ్వు చెట్టును వరదనీటిలో నిలబెట్టావు, కానీ అది పెరిగేది వరద ఎక్కని మెట్ట అడవిలో. దీన్ని తప్పక సరిదిద్దు.

ఉత్తరంతోపాటు పెంకు తీయని గింజ ఒకటి పంపుతున్నాను. వేళ్ల మధ్య తిప్పి చూడు: మూడు పలకలు, గరుకు పెంకు, కమలాతొన వంపు. ఒలిచిన కొబ్బరికాయంత ఉండి, రెండు కిలోల దాకా తూగే కాయలో 10 నుంచి 25 వరకు గింజలు తొనల్లాగే ఒదిగి ఉంటాయి గనుక దానికి ఆ రూపం వచ్చింది. వానాకాలంలో ఆ కాయలు రాలే రోజుల్లో గాలి లేస్తే, ఏరుకునేవాళ్లు చెట్టు కిందికి పోరు. నీ కథలోని తండ్రి మాత్రం గాలివానలో తీరుబడిగా ఏరుతున్నాడు. అతనికి ఆ భయాన్ని ఇవ్వు.

ఆ చెట్టు పువ్వుకుండే మూతను ఎత్తి లోపలికి దూరగలిగేవి బలమైన పెద్ద తేనెటీగలే. ఆ గట్టి కాయను కొరికి తెరిచేది అగూటీ అనే ఎలుకజాతి జంతువు. అది కొన్ని గింజలు తిని, మిగిలినవి దూరంగా పాతిపెట్టి, కొన్నింటిని మరిచిపోతే అవే మొలుస్తాయి. ఈ మరుపు మీద నువ్వు ఒక పేజీ రాసినా నేను విసుగు లేకుండా చదువుతాను.

నీ మూడో పేజీలో పశువుల బయలులో ఒంటరిగా నిలిచిన చెట్టు ఒక్క వాక్యంలో వచ్చి పోయింది. బ్రెజిల్‌లో ఆ చెట్టును నరకడం చట్టవిరుద్ధం కాబట్టి, చుట్టూ ఉన్న అడవినంతా కొట్టి తగలబెట్టాక దాన్నొక్కదాన్నే వదిలేస్తారు. తేనెటీగలకు ఆసరా లేక కాపు తగ్గుతుంది, కాసిన కొద్ది గింజలను పాతిపెట్టడానికి అగూటీ ఉండదు. ఆ వాక్యం చదివి చాలాసేపు కాగితం పక్కన పెట్టాను. కథను అక్కడినుంచి మళ్లీ మొదలుపెట్టి, సంక్రాంతి లోపు నాకు పంపు.