కెటమిన్‌కి వెళ్తున్న లలితకు

అమ్మడూ,

మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది, నీ డిప్రెషన్‌కి గురువారం మొదటి కెటమిన్ ఎక్కిస్తారని. గుండె దడదడలాడింది. రెండు రకాల మాత్రలు నెలలకొద్దీ వాడినా గుణం కనిపించకపోతే, దాక్కోకుండా ఇంకో దారి వెతుక్కున్నావు. అందుకు గర్వంగా కూడా ఉంది.

ఆపరేషన్ థియేటర్ నర్సుగా ముప్పై ఏళ్లు చేశాను కదా, కెటమిన్ నాకు పాత చుట్టం. ఎముక కూర్చాల్సిన పిల్లలకు మత్తుమందుగా అదే ఇచ్చేవాళ్లం. తెలివి వచ్చేటప్పుడు కొందరు ఏవేవో చూసి కేకలు పెట్టేవాళ్లు. అందుకని లైటు తగ్గించి, గుసగుసగా మాట్లాడేవాళ్లం. నీకిచ్చేది అందులో చిన్న భాగం. సాధారణంగా ఒంటి బరువులో కిలోకి అర మిల్లీగ్రాము, నలభై నిమిషాల పాటు మెల్లగా ఎక్కిస్తారు. తేలిపోతున్నట్టు, శరీరం నీది కానట్టు అనిపించవచ్చు. బీపీ కాసేపు పెరుగుతుంది. ఏమీ తినకుండా రమ్మంటే కాఫీతో సహా మానెయ్. నిద్రమాత్ర వేసుకుంటున్నావా? డాక్టరుకు దాచకు.

2000లో యేల్ యూనివర్సిటీ వాళ్లు డిప్రెషన్‌కి దీన్ని మొదట పరీక్షించినప్పుడు, మందు తీసుకున్నవాళ్లు పట్టుమని పదిమంది కూడా లేరు. మామూలు మాత్రలకు వారాలు పడితే ఇది గంటల్లో, రోజుల్లో పని చేసింది. తర్వాత వేరేవాళ్లు నిద్రలో మెదడు తరంగాలు కొలిచారు. మందు ఎక్కించిన రాత్రి గాఢనిద్ర పెరిగిందట.

నా భయమంతా ఆ మంచి నిద్ర గురించే.

మీ పెదనాన్నకూ ఇదే జబ్బు వచ్చిన సంగతి నీకెవరూ పూర్తిగా చెప్పలేదు. తెల్లవారుజామున మూడింటికి తలుపు గడియ చప్పుడయ్యేది. వెళ్లి అరుగు మీద కూర్చునేవారు. నేనేమో "నిద్ర పట్టకపోతే కళ్లు మూసుకుని పడుకోరాదా" అని విసుక్కునేదాన్ని. నర్సునై ఉండి! చివరికి డాక్టరు మాత్రలు రాస్తే, మూడోవారంలో ఓ రాత్రి గురక వినిపించింది. ఆ గురక విని ఏడ్చానమ్మడూ. నెల తిరక్కుండానే, ఇక అలవాటైపోతాయేమోనని మాత్రల డబ్బా బియ్యం డ్రమ్ము వెనక పెట్టేశాను. డాక్టరును అడగలేదు. నిద్ర వచ్చింది కాబట్టి జబ్బు పోయిందనుకున్నాను. కొన్నాళ్లకు మళ్లీ గడియ చప్పుడైంది. దోమలేమో అనుకున్నాను. ఆయన అన్నం ముందు కూర్చుని ముద్ద కలుపుతూ, కలుపుతూ అలాగే ఉండిపోయినరోజు గానీ నాకు బుర్రకెక్కలేదు. ఆ తర్వాత కోలుకోవడానికి రెండేళ్లు పట్టింది.

అందుకే చెప్తున్నా. కెటమిన్ ఎంత తొందరగా ఎత్తుతుందో, ఒక్క డోసుతో వచ్చిన మేలు అంత తొందరగానూ, రోజుల్లోనే జారిపోవచ్చు. అందుకే వరుసగా ఇస్తారు. ఒక రాత్రి హాయిగా పడుకున్నావని మిగతావి ఎగ్గొట్టావో, నా చేతిలో తన్నులు తింటావు. ఎన్నింటికి పడుకున్నావు, ఎన్నింటికి లేచావు, రోజూ క్యాలెండర్ మీద రాయి. మూడింటి మెలకువ వరసగా రెండు మూడు రాత్రులు వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా డాక్టరుకు ఫోన్ చెయ్. చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చిందంటే రాత్రా పగలా అని చూడకు, నన్ను లేపు, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416కి చెయ్.

బుధవారం రాత్రి గౌతమి రైలు ఎక్కుతున్నాను. ఆసుపత్రికి ఆటోలో వెళ్దాం. స్కూటీ తాళం నాకిచ్చెయ్, మర్నాటిదాకా ముట్టుకోకూడదు. పడుకోవడానికి నాకు నీ గది గుమ్మం దగ్గర చాప చాలు. ఆ గడియ చప్పుడు నాకు నిద్రలోనూ వినిపిస్తుంది.

మీ పెద్దమ్మ